ఎడమ పిక్క, మూడున్నర సెంటీమీటర్లు

కరోనా వార్డులు ఎత్తేసి, పాత వార్డులను మళ్లీ వాటి గదుల్లోకి సర్దిన ఏడాది జూలై నెలలో నన్ను పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. అంతకుముందు పదకొండేళ్లు ప్రసూతి వార్డులోనూ, కొంతకాలం ఆపరేషన్ థియేటర్‌లోనూ పనిచేశాను. పదవీ విరమణకు మరో మూడేళ్లుంది. ఆసుపత్రి పేరు రాయడం లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి జనం వచ్చే ఆసుపత్రి అని మాత్రం చెబుతాను. అప్పుడు నాతో పనిచేసినవాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు కనుక మనుషుల పేర్లు కూడా మార్చాను.

హెడ్ నర్సు అంటే వైద్యంలో పెద్ద చెయ్యి అనుకుంటారు బయటివాళ్లు. నిజానికి ఆ హోదాలో రోగిని ముట్టుకునే పని తగ్గి, పుస్తకాల పని పెరుగుతుంది. మూడు షిఫ్టులకూ స్టాఫ్ నర్సులను వేయడం, మందుల అలమర చూసుకోవడం, డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు పక్కన నిలబడి కేసు షీటు అందించి, చెప్పినవి రాసుకోవడం. మందు రాసే అధికారం నర్సుకు లేదు. స్కాన్ చీటీ మీద సంతకం పెట్టే అధికారమూ లేదు. రాసిన మందు ఇవ్వాలి, చూసింది రాయాలి, తేడా కనిపిస్తే డాక్టరుకు తెలియజేయాలి. ట్రైనింగులో మాకు నేర్పింది ఈ మూడే. ముప్పై ఏళ్లకు పైగా ఆ మూడింటినీ లోటు లేకుండా చేస్తున్నానన్న నమ్మకం నాకుండేది.

నేను పిల్లల వార్డుకు వచ్చిన రెండో వారం, ఒక శుక్రవారం హిమజ అనే పాపను చేర్చారు. తొమ్మిదేళ్లు. కళింగపట్నం దగ్గర పల్లె. తల్లి పేరు రవణమ్మ. ఎకరం పైచిలుకు వరి, కొంచెం మెట్టలో వేరుశనగ వాళ్ల ఆధారం. తండ్రి అప్పన్న భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనుల్లో టిప్పరు నడుపుతూ అక్కడే షెడ్డులో ఉండేవాడు. అవి ఉభాల రోజులు, వరినాట్ల కాలం. నాట్లు మధ్యలో వదిలేసి వచ్చానని రవణమ్మ మొదటిరోజు రెండు మూడుసార్లు అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

పాపకు ఉన్నది నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే మూత్రపిండాల జబ్బు. ఒంట్లో ఉండాల్సిన ప్రోటీను మూత్రంలో కారిపోతుంది. దాంతో రక్తంలో నిలవాల్సిన నీరు బయటికి ఊరి, మొహం, పొట్ట, కాళ్లు పొంగుతాయి. పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకోవు. చాలామంది పిల్లలు స్టెరాయిడ్ మాత్రలతో తేరుకుంటారు. నీరు లాగడానికి లాసిక్స్ అనే ఇంజక్షను ఇస్తాం. ఈ జబ్బుకు ఇంకొక గుణం ఉంది. రక్తం గడ్డకట్టకుండా కాపాడే పదార్థాలు కూడా మూత్రంలోనే పోతాయి. నీరు బయటికి పోయేకొద్దీ మిగిలిన రక్తం చిక్కబడుతుంది. కాబట్టి నరాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. ఇది పుస్తకంలో ఒక పేరాలో ఉంటుంది. ప్రసూతి వార్డులో బాలింతల కాళ్లలో గడ్డలు నేను రెండుసార్లు చూశాను. పిల్లల్లో మాత్రం అప్పటిదాకా చూడలేదు.

ఆదివారం నాకు సెలవు. సోమవారం పొద్దున్న డ్యూటీలో పడకల మధ్య నడుస్తుంటే రవణమ్మ పిలిచింది.

“సిస్టరమ్మా, ఓపాలి ఈ కాలు సూడండి. ఎడం కాలు లావయినాది. బరువుగా ఉన్నాదంటంది గుంట.”

గుంట అంటే అక్కడి మాటలో ఆడపిల్ల. దుప్పటి తొలగించి చూశాను. రెండు కాళ్లూ పొంగే ఉన్నాయి. ఎడమది కాస్త ఎక్కువగా కనిపించింది. పాప ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఒళ్లంతా నీరే కదమ్మా అన్నాను. ఏ పక్కకి పడుకుంటే ఆ పక్కకి నీరు దిగుతుంది, ఎడమ పక్కకే పడుకుంటోంది కనుక అలా ఉంది అని చెప్పాను. అది అబద్ధం కాదు. ఈ జబ్బులో అలా జరుగుతుంది. రవణమ్మ తల ఊపింది. నేను తర్వాతి పడక దగ్గరికి వెళ్లిపోయాను. పుస్తకంలో ఏమీ రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున్న నేను వార్డులోకి అడుగుపెట్టేసరికే ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

“నిన్న మీరు సెప్పినారు కదా, తొంగున్న పక్కకి నీరు దిగుతాదని. నాను నిన్న మజ్జానం నుంచీ కుడిపక్కకే తొంగోబెట్టినాను. కదిల్తే మళ్లీ తిప్పినాను. తెల్లారి సూస్తే మొహం కుడిపక్క పొంగినాది గానీ, కాలు మాత్రం ఎడందే లావుగా ఉన్నాది. మరిదేటి సిస్టరమ్మా?”

నేను నిలబడ్డపాటున ఒక్క నిమిషంలో చెప్పిన కారణాన్ని ఆవిడ ఇరవై గంటలు కూర్చుని పరీక్షించింది. అది తప్పని తేల్చుకుని వచ్చి నా ముందు నిలబడింది.

పడక దగ్గరికి వెళ్లాను. పక్కన స్టూలు మీద కొబ్బరినూనె సీసా మూత తీసి ఉంది. నొప్పంటోందని రుద్దుతున్నానని రవణమ్మ చెప్పింది.

“రుద్దకు తల్లీ. ఇంక ఆ కాలు ముట్టుకోకు.”

“ఏటైనాది?”

“తెలీదు. తెలిసేదాకా ముట్టుకోకు. మంచం దింపొద్దు, నడిపించొద్దు. మూత్రానికి కూడా బెడ్‌పాన్ పెడతాం.”

పసిపిల్లల తల చుట్టుకొలత తీసే టేపు ఒకటి వార్డులో ఉంటుంది. అది తీసుకుని, రెండు కాళ్లకూ మోకాలి చిప్ప కింది ఎముక గుబ్బ నుంచి పది సెంటీమీటర్లు కొలిచి, అక్కడ పెన్నుతో గీత పెట్టాను. గీత లేకుండా కొలిస్తే ఒకసారి పైన, ఒకసారి కింద పడి లెక్క మారిపోతుంది. ఆ గీత మీద టేపు చుట్టాను. కుడి పిక్క ఇరవై నాలుగున్నర. ఎడమ పిక్క ఇరవై ఎనిమిది. స్టాఫ్ నర్సు చేత మళ్లీ కొలిపించాను, నా అంకెలు ఆమెకు చెప్పకుండా. అవే వచ్చాయి. చర్మం రంగు చూశాను. ఎడమ కాలు కొంచెం కమిలినట్టు నీలంగా ఉంది, వెచ్చగా ఉంది. వేలితో నొక్కితే కుడికాలు మీద గుంట పడింది. ఎడమ కాలు బిగుతుగా ఉంది, గుంట తేలిగ్గా పడలేదు.

“అమా, నొప్పెడతంది,” అంది హిమజ తల్లితో.

ఆ రోజు వార్డుకూ, బయటి రోగుల గదికీ కలిపి డ్యూటీ డాక్టరు ఒక్కరే. కావ్య అని, చదువు పూర్తయి రెండేళ్లు కూడా కాలేదు. పెద్ద డాక్టరు, అంటే పిల్లల విభాగం అధిపతి ప్రసాదరావు గారు, కలెక్టరాఫీసులో జ్వరాల మీద సమీక్షకు వెళ్లారు. డెంగీ కాలం. కావ్య గారి గది ముందు పిల్లలను భుజాన వేసుకున్న తల్లుల వరుస వరండా చివరిదాకా ఉంది. నేను కేసు షీటు పట్టుకుని వెళ్లి అంకెలు చెప్పాను. ఆమె ఒక పాప గొంతు చూస్తూనే విన్నారు. నెఫ్రోటిక్ కేసే కదా సిస్టర్, నీరు ఎక్కువైంది, లాసిక్స్ ఇంకో డోసు ఇవ్వండి, కాలికి కాపడం పెట్టండి అని షీటు మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఇలాంటి సందర్భంలో నర్సు ఏం రాస్తుందో చెప్పాలి. మా రిపోర్టు పుస్తకంలో, చూసింది రాసి, కింద ‘డ్యూటీ డాక్టరుకు తెలియజేయడమైనది’ అని రాసి, టైము వేసి, సంతకం పెడతాం. ఆ వాక్యం రాశాక తప్పు మాది కాదు. నేను రాశాను. తొమ్మిది గంటల పది నిమిషాలు అని వేశాను.

స్టాఫ్ నర్సు లాసిక్స్ సిరంజిలోకి తీసి ట్రేలో పెట్టింది. ఆ ఇంజక్షను నీటిని లాగుతుంది. ఒంట్లో పొంగు తగ్గుతుంది గానీ రక్తం ఇంకా చిక్కబడుతుంది. కాలిలో గడ్డే ఉంటే, చిక్కబడిన రక్తం దాన్ని పెంచుతుంది. కాపడం, మర్దన దాన్ని కదిలించవచ్చు. కదిలిన ముక్క గుండె గుండా వెళ్లి ఊపిరితిత్తిలో ఇరుక్కుంటుంది. ప్రసూతి వార్డులో నేను చూసిన ఇద్దరిలో ఒకామె అలాగే పోయింది. మంచం మీద నుంచి లేచి బాత్రూం దాకా నడిచింది, అంతే.

పుస్తకం వెనక్కి తిప్పాను. ఎందుకు తిప్పానో నాకే స్పష్టంగా తెలియదు. ఏదో కారణం దొరకాలి అనిపించింది. శనివారం మధ్యాహ్నం షిఫ్టు రాతలో ఉంది. చేతులు వాచి నరం దొరకనందున, ఎడమ గజ్జలో నుంచి రక్తం శాంపిల్ తీయడమైనది, రెండు ప్రయత్నాలు.

ఒళ్లు పొంగిన పిల్లలకు చేతి నరాలు కనిపించవు. అప్పుడు తొడ మొదట్లో ఉండే పెద్ద నరం నుంచి రక్తం తీస్తారు. అందరూ చేసే పనే, అందులో తప్పు లేదు. కానీ రక్తం గడ్డకట్టే స్వభావమున్న పాపకు, ఏ నరంలో సూది రెండుసార్లు గుచ్చారో, ఆ కాలే మూడో రోజుకు లావెక్కింది. ఈ సంగతి నర్సుల పుస్తకంలో ఉంది. డాక్టర్లు చూసే కేసు షీటులో లేదు. శాంపిల్ తీసిన డాక్టరు వేరు, ఇప్పుడున్న డాక్టరు వేరు.

రెండోసారి వెళ్లాను. పుస్తకం తెరిచి ఆ పేజీ ఆమె ముందు పెట్టాను. డాప్లర్ స్కాన్ రాయమని అడిగాను. డాప్లర్ అంటే నరాల్లో రక్తం నడుస్తోందో లేదో చూపే స్కాన్. మా దగ్గర పొద్దున్న పూట స్కాన్ గదిలో గర్భిణులకే చూసేవారు. పిల్లల కాలికి డాప్లర్ రాయడం ఆ ఆసుపత్రిలో నాకు తెలిసి అంతకుముందు జరగలేదు. కావ్య గారు పుస్తకం చదివారు. చదివాక మొహంలో తడబాటు కనిపించింది. సార్ రెండింటికి వస్తారు, వచ్చాక చూద్దాం, ఈలోగా ఇంజక్షను ఇచ్చేయండి అన్నారు.

నేను అప్పుడన్న మాట నా ఉద్యోగంలో అంతకుముందు ఎన్నడూ అనలేదు.

“ఆ ఇంజక్షను ఇప్పుడు నేను ఇవ్వలేను మేడం. ఆపి ఉంచినట్టు షీటులో రాసుకుంటాను.”

“మీరు డాక్టరా సిస్టర్?”

“కాను మేడం. అందుకే మీ దగ్గరికి రెండోసారి వచ్చాను.”

వరుసలో ముందున్న తల్లులు మా ఇద్దరి మొహాలూ చూస్తున్నారు. మీ ఇష్టం, రాసుకోండి అన్నారామె. గొంతులో కోపం ఉంది. ఆమెను నేను ఈనాటికీ తప్పుపట్టను. ముందురోజు పొద్దున్న నుంచి డ్యూటీలో ఉన్నారు. చెయ్యి కడుక్కుంటే మళ్లీ ఇంకో జ్వరం పాప. పైగా, తన కంటే వయసులో రెట్టింపు ఉన్న నర్సు నలుగురి ముందు కాదంటే ఏ డాక్టరుకైనా కష్టమే. నేను పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది. ఆ తొందరలో అది తోచలేదు.

నర్సు ఒక డోసును ఆపవచ్చు. నియమం ప్రకారం, అనుమానం ఉన్నప్పుడు ఆపి, పైవాళ్లకు వెంటనే తెలియజేసి, కారణం రాయాలి. కానీ ఆపిన ప్రతి నిమిషానికీ జవాబుదారీ నర్సుదే. నా అనుమానం తప్పయితే, మెమో వస్తుంది. అంతకంటే, నిజంగానే నీరు ఎక్కువై పాపకు ఆయాసం వస్తే అది నా మీదే ఉంటుంది. ట్రేలో సిరంజి మీద మూత పెట్టి, పేరు రాసి అంటించి, పక్కన పెట్టాను. ప్రసాదరావు గారికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. మీటింగుల్లో ఆయన ఫోను మోగకుండా పెట్టుకుంటారని తెలుసు. అప్పుడు వాట్సాప్‌లో ఇలా రాశాను: ‘హిమజ, నెఫ్రోటిక్. ఎడమ పిక్క 28, కుడి 24.5. శనివారం ఎడమ గజ్జలో శాంపిల్, రెండు పోట్లు. నొప్పి, నీలం. లాసిక్స్ ఆపి ఉంచాను. కావ్య మేడంకు తెలుసు.’

పదిహేను నిమిషాలు గడిచాయి. ఆ పదిహేను నిమిషాల్లో నేను రెండుసార్లు వెళ్లి పాప ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై రెండు, మళ్లీ ఇరవై రెండు. రవణమ్మ నా మొహం చూస్తోంది.

ప్రసాదరావు గారే తిరిగి ఫోను చేశారు. మూడే ప్రశ్నలు అడిగారు. కొలత మీరే తీశారా? సూది గుచ్చింది ఎడమ పక్కేనని రాసి ఉందా? ఆయాసం, దగ్గు, ఛాతీలో నొప్పి ఏమైనా ఉన్నాయా? నేను అవును, అవును, లేవు అన్నాను. లాసిక్స్ ఇవ్వొద్దు, ఫోను కావ్యకివ్వండి అన్నారు. ఫోను తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె వింటూ వింటూనే స్కాన్ చీటీ లాక్కుని రాసేశారు. సంతకం పెట్టి, ఓపీ ఆపేసి నాతోపాటు తనే లేచి వచ్చారు. ఆ నిమిషం నుంచి, పాప మా ఆసుపత్రిలో ఉన్నంతసేపూ ఆమె పక్కకు పోలేదు. అది కూడా రాయాలి.

స్ట్రెచర్ మీద, కాలు కింద దిండు పెట్టి, మెట్లు లేని దారిన తీసుకెళ్లాం. స్కాన్ గది ముందు గర్భిణులు కూర్చుని ఉన్నారు. ఎనిమిదో నెల కాబోలు, ఒకామె లేచి మిగిలినవాళ్లతో, “సిన్నగుంట, ముందుకెల్లనీయండర్రా,” అంది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం లోపల రేడియాలజిస్టు దగ్గర నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లకు కాలిలో గడ్డ ఏమిటి, ఎవరు రాశారిది అన్నారాయన. నేను రాశాను సార్, పెద్ద సార్ చెప్పారు అన్నారు కావ్య గారు. ఆయన ఇంకేమీ అనకుండా తొడ మొదట్లో జెల్ రాసి, స్కాన్ చేసే ప్రోబ్ పెట్టారు.

మంచి నరాన్ని ప్రోబ్‌తో నొక్కితే తెర మీద గుండ్రం కాస్తా అణిగి గీతలా అవుతుంది. వదిలితే మళ్లీ గుండ్రమవుతుంది. ముందు కుడి పక్క నొక్కి చూపించారు. అణిగింది. తర్వాత ఎడమ పక్క నొక్కారు. గుండ్రం గుండ్రంగానే ఉంది. ఇంకొంచెం గట్టిగా నొక్కబోయి ఆగిపోయారు. ప్రోబ్‌ను మెల్లగా పైకి, పొత్తికడుపు వైపు జరుపుకుంటూ వెళ్లారు. తొడ నరం నిండా గడ్డ ఉంది. పైకొన గజ్జ దాటి లోపలికి వెళ్లింది. ఆ కొన నరం గోడకు అంటుకోకుండా రక్తంలో కొద్దిగా ఆడుతోంది.

ఆయన ప్రోబ్ తీసేసి మాతో గొంతు తగ్గించి అన్నారు. “పాపను స్ట్రెచర్ మీద నుంచి దింపకండి.”

తర్వాత పనులన్నీ వరసగా జరిగాయి. గడ్డ పెరగకుండా ఆపే ఇంజక్షను పొట్ట చర్మం కింద ఇస్తారు. మోతాదు పిల్ల బరువును బట్టి. నీరు పట్టిన పిల్లకు ఏ బరువు లెక్కలోకి తీసుకోవాలో ప్రసాదరావు గారిని ఫోనులో అడిగి, కావ్య గారు ఒకసారి, నేను ఒకసారి వేరువేరుగా లెక్క వేసి, రెండూ ఒకటేనని చూసుకున్నాకే ఇచ్చాం. విశాఖపట్నంలో పిల్లల కిడ్నీ డాక్టరూ, నరాల గడ్డలు చూసే విభాగమూ ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపాలని నిర్ణయమైంది. రెఫర్ లెటర్ కావ్య గారు రాశారు. శనివారం శాంపిల్ సంగతి అందులో మొదటి పేరాలోనే పెట్టారు.

రవణమ్మకు చెప్పే పని నాకు పడింది. కాలి నరంలో రక్తం గడ్డకట్టింది, విశాఖపట్నం తీసుకెళ్లాలి, దారిలో పాప కదలకూడదు అన్నాను.

“సచ్చిపోద్దా?”

ఇలా అడిగినవాళ్లకు ఏమీ కాదమ్మా అనడం మా అలవాటు. ముందురోజు అలాంటి మాటే ఒకటి ఆమెకు చెప్పి ఉన్నాను. ప్రమాదం ఉంది, కానీ కనిపెట్టాం, మందు మొదలెట్టాం, మందు మొదలెట్టాక ప్రమాదం తగ్గుతుంది అన్నాను. ఆమె, “అయితే బేగి ఎల్దాం,” అంది. మొగుడికి ఫోను చేసి, “భోగాపురం కాడ రోడ్డు మీదికొచ్చి నిల్సో. ఆంబులెన్సులో ఎల్తన్నాం,” అని పెట్టేసింది.

వార్డులో మనుషులు తక్కువ ఉన్నందున అంబులెన్సులో నేనే వెళ్లాను. స్ట్రెచర్ పక్క సీటులో నేను, పాప తల దగ్గర రవణమ్మ. ఎదురుగా టెక్నీషియన్. వేలికి పెట్టిన క్లిప్ రక్తంలో ఆక్సిజన్ చూపిస్తుంది. బయలుదేరినప్పుడు తొంభై ఏడు. హైవే ఎక్కాక కూడా అంతే. హిమజ కిటికీలోంచి కొబ్బరిచెట్ల తలలు లెక్కపెడుతోంది. అరగంట దాటాక ఒక్కసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఊపిరి తీసుకుంటే పక్కటెముకల కింద పొడుస్తోందని తల్లికి చెప్పింది. క్లిప్ తొంభై రెండు చూపించింది.

మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చాం. నేను కావ్య గారికి ఫోను చేశాను. ఆమె విశాఖపట్నం ఆసుపత్రికి ముందే చెప్పి ఉంచుతానన్నారు. అంబులెన్సులో ఇంక చేయగలిగింది లేదు. మోతాదు ఇచ్చి గంటన్నరే అయింది, ఇంకోటి ఇవ్వకూడదు. తొంభై రెండు, తొంభై ఒకటి, తొంభై మూడు. ఆ అంకె మీదే కళ్లు పెట్టి కూర్చున్నాను. సోమవారం పొద్దున్నే ఆ టేపు తీసి ఉంటే అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. వచ్చినా దాన్ని పక్కన పెట్టాను. చేతిలో పని ఉన్నప్పుడు దానికి చోటు లేదు.

భోగాపురం దగ్గర అప్పన్న రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. పసుపు రంగు జాకెట్టు, చంకలో హెల్మెట్టు, కనుబొమల దాకా ఎర్రటి దుమ్ము. బండి నిమిషం కూడా ఆగలేదు. డ్రైవరు పక్కన ఎక్కి, మధ్య అద్దంలోంచి వెనక్కి చూశాడు. పాప మొహాన మాస్కు ఉంది. “హిమా, నాన్నొచ్చీసినాను. కదలకు. కదలకు తల్లీ,” అన్నాడు. పాప నిజంగానే కదల్లేదు. ఎక్కినప్పటి నుంచీ చెప్పినట్టే ఉంది. నేను చూసిన రోగుల్లో అంత మాట వినే రోగి తక్కువ.

విశాఖపట్నంలో గుమ్మం దగ్గరే డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తిలో చిన్న ముక్క కనిపించింది. పెద్ద గడ్డ మాత్రం కాలిలోనే ఉంది, కదల్లేదు. మందు ముందే పడినందువల్ల అది పెరగలేదని, పాపను నడిపించి ఉన్నా, కాలు రుద్దుతూ ఉన్నా మాట వేరేగా ఉండేదని అక్కడి డాక్టరు నాతో అన్నారు. నేను పత్రాలు అప్పగించి, సంతకం తీసుకుని, అదే అంబులెన్సులో తిరిగి వచ్చాను. హిమజ అక్కడ మూడు వారాలుంది. తర్వాత ఇంటిదగ్గర మూడు నెలలు రోజూ ఇంజక్షను. పొట్టకు ఎలా ఇవ్వాలో రవణమ్మ నేర్చుకుంది. ఊపిరితిత్తి బాగుపడింది. ఎడమ కాలు సాయంత్రాలు ఇప్పటికీ కొంచెం వాస్తుందని, బడికి సైకిలు మీద వెళుతోందని కిందటేడు ఆమె ఫోనులో చెప్పింది.

ఆసుపత్రిలో నాకు మెమో వచ్చింది. రాసిన డోసు ఇవ్వకుండా ఆపినందుకు వివరణ అడిగారు. అది రావలసిందే. ఆపిన ప్రతి డోసుకూ వివరణ ఉండాలి. టైములతో సహా రాశాను. అందులోనే ఇంకొక వాక్యం చేర్చాను: ‘సోమవారం ఉదయమే పాప తల్లి ఈ తేడా నా దృష్టికి తెచ్చారు. నేను కొలవలేదు, నమోదు చేయలేదు, తెలియజేయలేదు.’ ప్రసాదరావు గారు చదివి, అడగనిది మీరెందుకు రాస్తారు, ఆ ఒక్క వాక్యం తీసేయండి అన్నారు. నా మేలు కోరే అన్నారు. జరిగింది అదే కదండీ అన్నాను. అది అలాగే ఫైలులోకి వెళ్లింది. దాని మీద ఎవరూ ఏమీ అడగలేదు.

కావ్య గారు నెల తర్వాత ఒక మధ్యాహ్నం వార్డు టేబుల్ దగ్గర కూర్చుని, ఆ రోజు మీరు మూడోసారి వచ్చి ఉంటే అరిచేసేదాన్ని సిస్టర్ అన్నారు. వచ్చేదాన్ని మేడం అన్నాను. ఇద్దరం నవ్వలేదు. ఆమె అప్పటికే ఒక పద్ధతి పెట్టారు. గజ్జలో నుంచి రక్తం తీస్తే, ఏ పక్క, ఎన్ని పోట్లు అన్నది కేసు షీటు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయాలి. నెఫ్రోటిక్ పిల్లలకు రోజూ బరువుతోపాటు రెండు పిక్కలూ కొలవాలి. నేను రిటైరయ్యేదాకా ఆ పద్ధతి నడిచింది. ఇప్పుడు నడుస్తోందో లేదో తెలియదు.

ఈ కేసు వల్ల నేను నేర్చుకున్నవి రెండు. ఒకటి, రోగి పక్కన ఇరవై నాలుగు గంటలూ కూర్చునే మనిషి తేడా ఉందని చెబితే, కారణం చెప్పే ముందు కొలవాలి. కారణం తెలిసినప్పుడు కూడా కొలవాలి, ఎందుకంటే తెలిసిన కారణమే నన్ను ఒక రోజు ఆపింది. రెండోది, ‘తెలియజేయడమైనది’ అని రాసి సంతకం పెట్టడం నర్సును కాపాడుతుంది గానీ రోగిని కాపాడదు. సరైన జవాబు వచ్చేదాకా ఆ పని పూర్తయినట్టు కాదు.